హ్యాండిల్ మార్చిన ఆదివారం

వాన వెలిసిన కాసేపటికి, ఇంకొక్క మలుపు తిరిగితే ఇల్లే అన్నచోట, లీలావతి బండి మీంచి పడింది. సింగపూరులో, వాళ్ళుండే యీషున్ రోడ్ల మీద తెల్లరంగుతో గీసిన బాణం గుర్తులు తడిస్తే సబ్బు పూసినట్టుంటాయి. ముందు చక్రం ఆ బాణం మీదికి ఎక్కడం తెలిసింది, తర్వాత తను రోడ్డు మీద కూర్చుని ఉండడం తెలిసింది, మధ్యలో ఏం జరిగిందో తెలియలేదు. వెనకాల వస్తున్న టాక్సీవాడు ఆగి, బండి లేపి పక్కన నిలబెట్టి, "ఓకే ఆ? ఓకే ఆ?" అని అడిగి, ఆమె తలూపేదాకా ఉండి వెళ్ళిపోయాడు. మోకాలి చర్మం లేచిపోయింది. ఎముకలు ఉన్నచోటే ఉన్నాయి. బండి హ్యాండిల్ మాత్రం కుడివైపు లోపలికి వంగిపోయింది.

అది రెండువేల సంవత్సరం. కొత్త శతాబ్దంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న గండం గడిచిపోయింది కదా, ఇక ఊపిరి పీల్చుకోవచ్చని లీలావతి ఆఫీసులో అందరూ అనుకున్నారు. ఆ ఊపిరి నెలరోజులు కూడా దక్కలేదు. ప్రతి బ్యాంకూ ఇంటర్నెట్‌లోకి రావాలంది, ప్రతి మేనేజరూ నిన్నటికే కావాలన్నాడు. ఆఫీసు ఛాంగీ వైపు. అటు అప్పటికింకా ట్రైను పడలేదు. రెండు బస్సులు మారి వెళ్ళి, రెండు బస్సులు మారి వచ్చేసరికి ఒంట్లో సత్తువంతా దారిలోనే ఖర్చయిపోయేది. అందుకని సెకండ్ హ్యాండ్ మోటార్ సైకిల్ కొనుక్కుంది. తెనాలిలో ఇంటరు చదివేటప్పుడే అన్నయ్య బండి తీసుకుని కాలవగట్టు మీద తిరిగిన మనిషి. ఇక్కడి లైసెన్సు పరీక్షలు ప్యాసవ్వడం ఆమెకో లెక్క కాలేదు. "మగాళ్ళ బండి నడుపుతుందట" అని తెలుగువాళ్ళ ఇళ్ళలో కొన్నాళ్ళు చెప్పుకుని, తర్వాత మానేశారు.

ఆమె భర్త పార్థసారథి బాలానగర్‌లో పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరుగా ఉండేవాడు. పెళ్ళాం ఉద్యోగం వెంట సింగపూరు వచ్చాడు. "జావా నేర్చుకో, ఆర్నెల్లలో నువ్వే నీ ఆవిణ్ణి దాటిపోతావు" అని ఎయిర్‌పోర్టులో దిగిన దగ్గర్నుంచీ అందరూ చెప్పారు. క్లాసులో చేరాడు. ఆర్నెల్లు దాటి ఏడాది కావస్తోంది. ఇంటర్వ్యూలకి వెళ్ళడం, ఇస్త్రీ చొక్కా విప్పి హ్యాంగరుకి తగిలించడం, ఫోను పక్కన కూర్చోవడం. వంట తనే చేసేవాడు, బట్టలు తనే ఆరేసేవాడు. ఎలా అయింది అని లీలావతి అడగడం మానేసింది. చెప్పడం అతనూ మానేశాడు.

వంకర హ్యాండిల్‌తోనే నాలుగురోజులు ఆఫీసుకి వెళ్ళివచ్చింది లీలావతి. బండి తిన్నగా పోవాలంటే మనిషి వంకరగా కూర్చోవాలి. మూడోనాటికే కుడి మణికట్టు వాచింది, భుజం నుంచి మెడదాకా సలుపు పట్టుకుంది. కీబోర్డు మీద చెయ్యి పెడితే వేళ్ళలో తిమ్మిరి.

"శనివారం షాపులో ఇచ్చేస్తానండీ. హ్యాండిల్ మారుస్తారట," అంది అన్నం ముందు కూర్చుని.

"షాపెందుకు?" అన్నాడు పార్థసారథి. "నాలుగు బోల్టులు విప్పి, పాతది తీసి కొత్తది పెట్టడం. నేను చేస్తాను."

ఆమె తలెత్తి చూసింది. నేను చేస్తాను అన్న మాట అతని నోట విని ఎన్నాళ్ళయిందో. బాలానగర్ రోజుల్లో ఇంట్లో మిక్సీ దగ్గర్నుంచి పక్కింటివాళ్ళ ఫ్రిజ్ దాకా ఆ మాటతోనే విప్పేవాడు. షాపువాడైతే గంటలో చేసిస్తాడు, ఆ గంట నేను బెంచీ మీద కూర్చుని కునుకు తీస్తాను అని ఆమె మనసులో ఉంది. ఆ ముఖం చూశాక ఆ మాట నోటిదాకా రాలేదు.

"సరే, మీరే చెయ్యండి," అంది.

ఆదివారం పొద్దున తాముండే అపార్ట్‌మెంటు బ్లాకు కింద, బళ్ళు పెట్టే చోట, పాత స్ట్రెయిట్స్ టైమ్స్ కాగితాలు పరిచి పానాలన్నీ వరసగా పేర్చుకున్నాడు. లీలావతి ఆరోజు నిద్రపోదామనుకుంది. పడుకున్న కాసేపటికి కిందనుంచి పిలుపు, ఇది కాస్త పట్టుకో అని. పట్టుకుని పైకొచ్చి నడుం వాల్చిందో లేదో మళ్ళీ పిలుపు, ఎడమపక్క గ్రిప్ ఊడి రావడం లేదు, సబ్బునీళ్ళు పట్రా అని. సబ్బునీళ్ళకి గ్రిప్ కదిలింది కానీ చీలిపోయింది. అలాంటిది ఇంకొకటి వెతికి తేవడానికి అతను బస్సెక్కి వెళ్ళి, మధ్యాన్నం దాటాక వచ్చాడు. స్విచ్చులుండే డబ్బా కొత్త హ్యాండిల్ మీద సరిగ్గా కూర్చోలేదు. దాన్ని విప్పాడు, బిగించాడు, మళ్ళీ విప్పాడు. లిఫ్టులో కిందికీ పైకీ తిరుగుతూ లీలావతి, ఈ ఆదివారం కూడా అయిపోయింది అనుకుంది.

పొద్దు వాలుతుండగా అతను మసి చేతులతోనే ఇంట్లోకి వచ్చాడు.

"అయిపోయింది. దిగి చూడు."

చూసింది. హ్యాండిల్ తిన్నగా, తళతళ మెరుస్తూ ఉంది. అంతకంటే అతని ముఖం వెలుగుతోంది. "బావుందండీ," అంది మనస్ఫూర్తిగానే. ఆ రాత్రి అతను రెండోసారి అన్నం వడ్డించుకుని తిన్నాడు.

మర్నాడు బండి చక్కగా పోయింది. మణికట్టుకి హాయిగా ఉంది. ఆఫీసు దగ్గర కార్ పార్కులో బండి పెట్టడానికి హ్యాండిల్ ఎడమవైపుకి పూర్తిగా తిప్పింది. యాక్సిలరేటర్ తిప్పకుండానే ఇంజను గయ్యిమని లేచింది. బండి ముందుకి దూకింది. క్లచ్ నొక్కి, రెండు కాళ్ళూ నేలకి తన్ని, గోడకి మూరెడు దూరంలో ఆపింది. బండి స్టాండు వేసి, న్యూట్రల్‌లో పెట్టి తిప్పి చూసింది. తిన్నగా ఉంటే బుద్ధిగా ఉంటుంది. ఎడమకి పూర్తిగా తిప్పితే అరుస్తుంది. యాక్సిలరేటర్ వైరు ఎక్కడో పోవలసిన దారిలో కాకుండా వేరే దారిలో పోయి, హ్యాండిల్ తిరిగినప్పుడు లాగుతోందని ఆమెకి అర్థమైంది.

ఇంటికెళ్ళి చెప్పాలి. చెబితే ఏమవుతుందో కళ్ళకి కట్టినట్టు కనిపించింది. అతను ముఖం మాడ్చుకోడు, కోప్పడడు. మళ్ళీ విప్పుతాను అంటాడు. మళ్ళీ కాగితాలు పరుస్తాడు. మళ్ళీ ఒక ఆదివారం. ఆ ఆదివారం మోసే ఓపిక తనలో వెతుక్కుంది లీలావతి. దొరకలేదు.

రెండురోజులు ఎడమకి పూర్తిగా తిప్పకుండానే నడిపింది. ఇరుకు మలుపొస్తే దిగి తోసుకుంటూ వెళ్ళింది. మూడోరోజు భోజనాల వేళ, ఆఫీసుకి దగ్గర్లో ఉన్న చిన్న షాపుకి తీసుకెళ్ళింది. మెకానిక్ పెద్దాయన, చైనీయుడు, నోట్లో పుల్ల పెట్టుకుని ఉన్నాడు. హ్యాండిల్ రెండువైపులా తిప్పి, టార్చి వేసి లోపలికి చూశాడు.

"ఎవరు పెట్టారు ఇది?" అన్నాడు తన ఇంగ్లీషులో.

"వేరే షాపులో," అంది లీలావతి.

"ఆ షాపుకి ఇంక పోకు. మనిషి చచ్చిపోతాడు."

ఆ మాట షాపుని కదా అన్నది అని సర్దిచెప్పుకున్నా, ఎక్కడో గుచ్చుకుంది. పెద్దాయన ట్యాంకు ఎత్తి వైరు బయటికి లాగి, దాని దారిన దాన్ని పంపించి, రెండు పక్కలా తిప్పి వినిపించాడు. ఇంజను చప్పుడు మారలేదు. ఆమె ఆఫీసుకి తిరిగొచ్చేసరికి అక్కడివాళ్ళ భోజనాలు ఇంకా అవలేదు.

సాయంత్రం పార్థసారథి అడిగాడు, "బండి ఎలా ఉంది?"

"బావుంది," అంది. ఆరోజుకి అది నిజమే.

తర్వాతి రెండువారాల్లో అతను కాస్త మారాడు. పొద్దున్నే గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. వంటింట్లో కూనిరాగం తీశాడు. కుళాయి వాషరు మార్చాడు, కుంటుతున్న కుర్చీకి కాలు సరిచేశాడు. లీలావతి అది చూసి, నేను చెప్పకపోవడమే మంచిదయింది అనుకుంది. అలా అనుకోవడం ఆమెకి తేలికగానే ఉంది, సెంబవాంగ్‌లో కేశవరావుగారింటికి భోజనానికి వెళ్ళేదాకా.

కేశవరావుగారు షిప్‌యార్డులో స్టోర్సు చూసేవారు. ఆ దేశంలో పాతికేళ్ళ కాపురం. అరవం, మలయ్ కూడా కలిపి తెలుగు మాట్లాడేవారు. ఆయన భార్య కమలాదేవి పిలిచి వడ్డిస్తే కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళకి ఆ పూట ఇంటిమీద బెంగ తగ్గేది. ఆయనకి కూడా ఒక పాత మోటార్ సైకిల్ ఉంది. దానిమీదే రోజూ షిప్‌యార్డుకి లారీల మధ్యనుంచి వెళ్ళొచ్చేవారు.

"ఈమధ్య ముందుకి వంగి కూర్చుంటే భుజాలు పీకేస్తున్నాయి సారథీ," అన్నారాయన సాంబారు కలుపుకుంటూ. "ఎత్తు హ్యాండిల్ పెట్టించుకోమంటున్నారు. నిటారుగా కూర్చోవచ్చట. షాపులో ఇవ్వాలి."

"షాపెందుకంకుల్, నేను మారుస్తాను," అన్నాడు పార్థసారథి. "లీలది నేనే మార్చాను. పట్టుకొచ్చి యీషున్‌లో పడెయ్యండి రేపు."

లీలావతి చెయ్యి కంచంలో ఆగిపోయింది. తన బండికి మునుపటి ఎత్తులోనే హ్యాండిల్ పెడితే వైరు లాగింది. ఎత్తు పెరిగితే వైర్లన్నీ ఇంకా బిగుస్తాయి. ఆయన లారీల పక్కన ఎడమకి తిరిగే క్షణం ఆమె కళ్ళముందు మెదిలింది.

"అంకుల్ది పాత బండి కదండీ," అంది మెల్లగా. "షాపులో అయితే వాళ్ళకి అలవాటుంటుంది..."

"నీ బండి సరిగ్గా లేదా?" అన్నాడు అతను. ఆ గొంతులో దెప్పు లేదు. నిజంగానే అడిగాడు.

ముగ్గురూ ఆమెవైపు చూశారు. "ఉంది," అంది.

"మరింకేం," అన్నారు కేశవరావుగారు. "సారథి చేతిలో పెడతాను."

ఇంటికి వచ్చే దారంతా చెబుదామనుకుంది. ట్రైనులో పక్కన జనం. ఇంటికొచ్చాక అతను పానాలు తీసి గుడ్డతో తుడుచుకుంటున్నాడు. ఆమె అలా చూస్తూనే నిద్రలోకి జారిపోయింది. నిద్ర ఆమెని ఎప్పుడూ అలాగే ఎత్తుకుపోయేది ఆ రోజుల్లో, మాట మధ్యలో.

మర్నాడు కేశవరావుగారు బండి తెచ్చి అప్పగించి, నువ్వు పని కానివ్వు, నేను ఓ కోపీ తాగొస్తాను అని ఎదురు బ్లాకు కింద ఉన్న కాఫీ షాపుకి వెళ్ళారు. లీలావతి దిగేసరికి పార్థసారథి ఒక బోల్టుకి పానా తగిలించి ఉన్నాడు.

"అది విప్పకండి," అంది.

"ఏం?"

"నా బండి మీరు బిగించినట్టుగా లేదండీ ఇప్పుడు. ఎడమకి తిప్పితే ఇంజను దానంతటదే లేచేది. యాక్సిలరేటర్ వైరు లాగేది. మూడోరోజు షాపుకి తీసుకెళ్ళి సరిచేయించాను."

అతను పానా తీయలేదు, తిప్పనూ లేదు. కాసేపటికి లేచి, కొన్ని బళ్ళ అవతల ఉన్న ఆమె బండి దగ్గరికి వెళ్ళాడు. వంగి, హ్యాండిల్ ఎడమకి తిప్పాడు, కుడికి తిప్పాడు, వైరు పోయే దారి వేలితో తడుముతూ చూశాడు. మళ్ళీ మళ్ళీ చూశాడు. ఆమె పక్కన నిలబడింది.

"పడ్డావా?" అని అడిగాడు చివరికి, ఆమెవైపు చూడకుండా.

"లేదు. గోడ దగ్గర ఆగింది."

"గోడ దగ్గరా."

"ఆఁ."

"తర్వాత రెండురోజులు అలాగే నడిపావా?"

"జాగ్రత్తగానే నడిపాను."

అతను నేలమీద చతికిలబడ్డాడు. మసి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "పని సరిగ్గా రాకపోవడం ఏముంది, ఎవరికైనా జరుగుతుంది. షాపువాడికి చెప్పావు, నాకు చెప్పలేదు. అంత పిరికివాణ్ణనుకున్నావా నన్ను, తట్టుకోలేననుకున్నావా?"

"మిమ్మల్ని అనుకోలేదు," అంది లీలావతి. తనూ పక్కనే గట్టు మీద కూర్చుంది. "మీకు చెబితే మళ్ళీ విప్పుతానంటారు. మళ్ళీ ఆదివారమంతా కిందికీ పైకీ తిరగాలి. నాకు ఓపిక లేదండీ. అంతే. మీ మనసు నొచ్చుకుంటుందని కూడా అనుకున్నాను కానీ, ముందు అనుకున్నది మాత్రం నిద్ర గురించే."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. కళ్ళకింద నలుపు ఎన్నాళ్ళనుంచి ఉందో అప్పుడే చూసినట్టున్నాడు.

"నేను జావాలో బాగా వెనకబడిపోయాను లీలా," అన్నాడు. "క్లాసులో అందరూ నిన్నమొన్న కాలేజీ వదిలిన పిల్లలు. నేను ఒక లైను రాసేలోపు వాళ్ళు పేజీ దింపేస్తారు. నువ్వు అంత కష్టపడి వస్తుంటే ఈ సంగతి ఏ మొహంతో చెప్పను అనుకున్నాను. ఈ హ్యాండిలొక్కటైనా నా చేత్తో అయిందనుకున్నాను."

"అయింది కదా. ఒక్క వైరే."

"మనిషిని చంపే వైరు."

ఆమె ఆ మాటకి ఉలిక్కిపడింది కానీ, మెకానిక్ ఏమన్నాడో అతనికి చెప్పలేదు. అది చెప్పవలసిన మాట కాదు.

కేశవరావుగారు చొక్కా సర్దుకుంటూ వచ్చేసరికి ఇద్దరూ అలా కింద కూర్చుని ఉన్నారు. బండి ముట్టుకున్నట్టు లేదు. పార్థసారథి లేచి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. లీల బండి తను పాడుచేశానని, షాపువాళ్ళు బాగుచేశారని, ఎత్తు హ్యాండిలైతే వైర్లు కూడా పొడుగువి వెయ్యాలేమోనని, అది తనకి తెలియదని.

కేశవరావుగారు విని, తన బండి సీటు మీద చెయ్యి వేశారు. "నిజం చెప్పొద్దూ," అన్నారు. "మీ ఆంటీ నన్ను రాత్రంతా తిట్టింది, కుర్రాడు ఊరికే కూర్చున్నాడు కదా అని ఆదివారం పూట వాడి నెత్తిన పని పెడతారా అని. నువ్వు సంతోషిస్తావు కదా అని నేను సరేనన్నాను. నాకూ షాపులో ఇచ్చెయ్యాలనే ఉంది."

పార్థసారథి ముఖం ఒక్క క్షణం ఎర్రబడింది. అందరూ తనని మోస్తున్నారన్నమాట. తర్వాత భుజాలు వదులయ్యాయి. వంగి పానాలు ఒక్కొక్కటీ ఏరి సంచిలో వేసుకున్నాడు.

"వుడ్‌ల్యాండ్స్‌లో ఒక షాపుంది," అన్నారు కేశవరావుగారు. "మలేషియాలోని జొహోర్ నుంచి వచ్చే బళ్ళ కోసం ఆదివారం కూడా తీసుంటుంది. వస్తావా? ఒక్కణ్ణే కూర్చోవడం విసుగు."

"వస్తానంకుల్. వాడెలా చేస్తాడో చూస్తాను."

లీలావతి ఇంట్లోంచి తన హెల్మెట్టు తెచ్చి భర్తకిచ్చింది. అది అతని తలకి బిగుతు. అలాగే పెట్టుకుని వెనక ఎక్కాడు. ఆమె పైకి వచ్చి, ఫ్యాను వేసుకుని, మంచం మీద అడ్డంగా పడుకుంది. ఎవరూ పిలవలేదు. బట్టలారేసిన వెదురు గడల మీద ఎండ ఎక్కి, దిగిపోయింది.

మెలకువ వచ్చేసరికి సాయంత్రమైంది. వంటింట్లో తిరగమోత వాసన. పార్థసారథి ఎప్పుడొచ్చాడో, చప్పుడు చెయ్యకుండా పని చేసుకుంటున్నాడు. ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"అంకుల్ బండి అయిందా?"

"అయింది. వైర్లు రెండూ కొత్తవి వేశాడు. నిటారుగా కూర్చుని దొరలా వెళ్ళారు." గరిటె కడిగి పక్కన పెట్టాడు. "లీలా, ఆ జావా క్లాసు మానేస్తాను. జురాంగ్‌లో పంపులు రిపేరుచేసే కంపెనీలు చాలా ఉన్నాయట, అంకుల్ స్టోర్సుకి సరుకు వాళ్ళ దగ్గర్నుంచే వస్తుందట. జీతం నీదాంట్లో సగం కూడా రాదు. అడిగి చూడమంటావా?"

"జురాంగ్ అంటే ఇక్కడికి ఆ చివర కదండీ. పోనూ రానూ అంత దూరం, తట్టుకోగలరా?"

"నువ్వు తట్టుకోవట్లేదా?"

తట్టుకుంటున్నానో లేదో ఆమెకే తెలియదు. "అడిగి చూడండి," అంది. "ముందు నాకు కాస్త అన్నం పెట్టండి, మళ్ళీ పడుకుంటాను."